ఆగిపోయిన తెలుగు నవలకు స్క్రివెనర్ 3 ఎంతవరకు పనికొస్తుంది?

రెండొందల పేజీల నవల అనుకుని మొదలుపెట్టి, డెబ్బయ్యో పేజీ దగ్గర ఆపేసినవాళ్ల కోసం ఈ సమీక్ష. స్క్రివెనర్ అంటే నవలల్లాంటి పొడుగాటి రచనలు రాసుకోవడానికి చేసిన కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. స్క్రివెనర్ మీద ఇంగ్లిషులో లెక్కలేనన్ని రివ్యూలున్నాయి గానీ, తెలుగులో రాసేవాళ్ల ఇబ్బందులు వాటిలో కనబడవు. ఫాంటు మారిపోవడం, మాటల లెక్క మనకు సరిపడకపోవడం, అంతా అయ్యాక డీటీపీ ఆపరేటరు పాత తరహా తెలుగు ఫాంటు పేరు చెప్పి "ఇది అనూలో కావాలండీ" అనడం, ఇవన్నీ మన బాధలే. ఈ నవల నావల్ల అవుతుందా అన్న అనుమానంలో ఉన్న మనిషి నెలరోజులు ఫైలు ముట్టుకోకుండా ఉండడానికి ఇలాంటి చిన్న అడ్డంకి ఒక్కటి చాలు.

ముందే తీర్పు చెప్పేస్తే: ల్యాప్‌టాప్ మీద రాసేవాళ్లు, పదిహేను ఇరవై వేల మాటలు దాటాక ఆగిపోయినవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. కథలు మాత్రమే రాసేవాళ్లకు దీని అవసరం లేదు. ఆండ్రాయిడ్ ఫోనులోనే మొత్తం రాసేవాళ్లకు ఇది అసలు దొరకదు.

దీని వెనక ఉన్నది లిటరేచర్ అండ్ లాటే అనే చిన్న బ్రిటిష్ కంపెనీ. తను రాసుకుంటున్న నవలకు తగిన సాధనం దొరక్క, కీత్ బ్లౌంట్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని మరీ దీన్ని తయారుచేశాడు. మ్యాక్ మీద 2007లో, విండోస్ మీద 2011లో వచ్చింది. మూడో వెర్షన్ మ్యాక్‌కి 2017 చివర్లోనే వచ్చినా, విండోస్‌వాళ్లు 2021 మార్చి దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. మధ్యలో వాయిదా మీద వాయిదా పడింది. ఆలస్యమైనా విడుదల చేశారు, ఇప్పుడు రెండూ దాదాపు సమానంగానే పనిచేస్తున్నాయి.

ముక్కలుగా ఉండడమే దీని బలం

వర్డ్‌లో నవల అంటే ఒకే పొడుగాటి ఫైలు. తెరిస్తే మొదటి పేజీ ఎదురవుతుంది. కనబడితే చదవాలనిపిస్తుంది, చదివితే దిద్దాలనిపిస్తుంది. అలా మొదటి అధ్యాయం ఇరవై సార్లు మారుతుంది, ఎనిమిదో అధ్యాయం పుట్టనే పుట్టదు. సగంలో ఆగిన నవలల్లో తరచుగా కనబడే జబ్బు ఇది: ఆరంభం నున్నగా అరిగిపోయి ఉంటుంది, ఆ తర్వాతది ఖాళీ.

స్క్రివెనర్‌లో ఎడమ పక్కన బైండర్ ఉంటుంది. అందులో డ్రాఫ్ట్ అనే ఫోల్డరు కింద నవల సీన్లు సీన్లుగా విడివిడి పత్రాలై ఉంటుంది. పుస్తకంలోకి వెళ్లేవి ఆ ఫోల్డరులో ఉన్నవే. దాని కింద రీసెర్చ్ ఫోల్డరు. ఊరి మ్యాపులు, పాత నోటుబుక్కు పేజీల ఫోటోలు, పీడీఎఫ్‌లు అన్నీ అందులో పెట్టుకోవచ్చు. ఎడిటర్ని రెండుగా చీల్చుకుని ఒక సగంలో చేతిరాత పేజీ ఫోటో, ఇంకో సగంలో టైపింగు పెట్టుకోవచ్చు. కాగితం మీద రాసి తర్వాత టైపు చేసేవాళ్లు ఈ ఒక్క సౌకర్యం కోసం కొన్నా నష్టం లేదు. మూసేసి మళ్లీ తెరిస్తే క్రితంసారి ఏ సీనులో వదిలారో అక్కడే తెరుచుకుంటుంది. మొదటి అధ్యాయం ఎదురురాదు.

పాత ఫైలుని ఇందులోకి తెచ్చే పద్ధతి ఇది. వర్డ్‌లో ప్రతి సీను తర్వాత విడి లైనులో ఒక # గుర్తు పెట్టండి. స్క్రివెనర్ ఫైల్ మెనూలో ఇంపోర్ట్ అండ్ స్ప్లిట్ ఎంచుకుని ఆ గుర్తు దగ్గర ముక్కలు చేయమనండి. ఒక్కో ముక్క 800 నుంచి 1500 మాటల మధ్య ఉంటే పని సుఖంగా సాగుతుంది. అంతకన్నా పెద్దదైతే, కోయాల్సిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్, కె కలిపి నొక్కితే (మ్యాక్‌లో కమాండ్, కె) రెండవుతుంది. మరీ చిన్న ముక్కలు చేయొద్దు. నూటయాభై మాటల ముక్కలు వంద పోగైతే బైండర్ చూస్తేనే నీరసం వస్తుంది.

ముక్కలయ్యాక వెంటనే రాయడం మొదలుపెట్టకండి. ప్రతి సీనుకీ కార్క్‌బోర్డు అనే తెర మీద ఒక కార్డు ఉంటుంది. దాని మీద మూడు విషయాలు రాయండి: ఈ సీనులో ఎవరికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది, సీను అయ్యేసరికి ఏం మారింది. రాసిన సీన్లన్నిటికీ ఇది పూర్తయ్యేసరికి నవల ఎక్కడ, ఎందుకు ఆగిందో చాలామటుకు తేలిపోతుంది. మూడో ప్రశ్నకు జవాబు లేని కార్డులు వరసగా మూడు నాలుగు వచ్చాయంటే, కథ అక్కడే నిలబడిపోయింది. 'నాకు రాయడం రాదు' అని రచయిత అనుకుంటున్నది నిజానికి 'పదకొండో సీను తర్వాత సుభద్ర ఏ నిర్ణయమూ తీసుకోలేదు' అన్న చిన్న సమస్య కావచ్చు. మొదటిదానికి మందు లేదు. రెండోదాన్ని ఒక పూట కూర్చుంటే సరిచేయవచ్చు.

ప్రతి సీనుకీ స్టేటస్ అని ఒక గడి ఉంటుంది. ఇంగ్లిషులో ఇచ్చినవి తీసేసి మీ మాటలు పెట్టుకోండి: ఖాళీ, తొలి ప్రతి, దిద్దాలి, అయింది. అంతకుమించి వద్దు. ఏడెనిమిది పెట్టుకుంటే ఏ సీను దేనికిందికి వస్తుందో తేల్చుకోవడమే ఒక పనవుతుంది. వరసగా రాయాలన్న నియమమూ లేదు. పన్నెండో సీను కదలకపోతే కార్డు మీద రెండు ముక్కలు రాసి, ఖాళీ అని గుర్తుపెట్టి, బాగా తెలిసిన ఇరవయ్యో సీనులోకి వెళ్లిపోవచ్చు.

వెనక్కి వెళ్లి దిద్దే అలవాటు మానలేనివాళ్లకు హోయిస్ట్ బైండర్ అనే ఏర్పాటుంది. ఒక అధ్యాయం ఫోల్డరుని ఎంచుకుని దాన్ని ఆన్ చేస్తే మిగతా నవలంతా కనుమరుగై ఆ అధ్యాయం ఒక్కటే మిగులుతుంది. రాస్తుంటే వెనకటి లోపం గుర్తొస్తుంది. రెండో అధ్యాయంలో మావయ్య చనిపోయాడని రాసి ఇక్కడ పెళ్లికి పిలిచామనుకోండి. వెనక్కి పరుగెత్తకుండా, ఉన్నచోటే ఒక కామెంటు పెట్టి ముందుకు సాగండి. తొలి ప్రతి అయ్యాక కామెంట్లన్నీ కుడి పక్కనుండే ఇన్‌స్పెక్టర్ అనే పట్టీలో వరసగా చూసుకుంటూ ఒక్కొక్కటీ తీర్చుకోవచ్చు.

కోయడానికి ధైర్యం

అనుమానం ఎక్కువైనప్పుడు రచయితలు రెండు పనులు చేస్తారు. ఒకటి, బాగాలేదని తెలిసినా ఒక్క పేరా కూడా తీయలేకపోవడం. రెండు, ఒక రాత్రి కోపంలో అధ్యాయం మొత్తం చెరిపేయడం. రెండిటికీ విరుగుడు స్నాప్‌షాట్. సీనులో ఉండగా కంట్రోల్, 5 కలిపి నొక్కితే (మ్యాక్‌లో కమాండ్, 5) ఆ సీను ఆ క్షణంలో ఎలా ఉందో అలా భద్రమవుతుంది. తర్వాత ఎంత కోసినా, తిరగరాసినా, రోల్‌బ్యాక్ నొక్కితే పాతది తిరిగొస్తుంది. కంపేర్ నొక్కితే పాతదానికీ కొత్తదానికీ తేడా రంగుల్లో చూపిస్తుంది.

స్నాప్‌షాట్‌కి పేరు పెట్టడం మర్చిపోవద్దు. తేదీ అదే పడుతుంది, కారణం మీరు రాయాలి: 'తల్లి దృష్టి నుంచి రాసినది', 'పోటీకి పంపిన ప్రతి' ఇలా. పేరు లేని స్నాప్‌షాట్లు పదిహేను చేరాక వాటిలో వెతకడం ఎవరివల్లా కాదు.

ఇక్కడే చాలామంది పొరపడే విషయం ఒకటుంది. స్నాప్‌షాట్‌లో దాగేది ఆ సీను పాఠం మాత్రమే. కార్డు మీద రాసినది, బైండర్‌లో సీన్ల వరస అందులో ఉండవు. కథాక్రమం మొత్తం మార్చబోతుంటే స్నాప్‌షాట్‌ని నమ్ముకోకండి. ఫైల్ మెనూలో బ్యాకప్ కింద 'బ్యాకప్ టు' ఎంచుకుని 'వరస మార్చక ముందు' అని పేరు పెట్టి మొత్తం ప్రాజెక్టుకే ఒక నకలు తీసి పెట్టుకోండి.

తీసేసిన సీన్లను చెత్తబుట్టలో వేయకుండా, డ్రాఫ్ట్ బయట 'పక్కన పెట్టినవి' అని ఒక ఫోల్డరు చేసి అందులోకి లాగండి. పుస్తకంలోకి రావు, పోవు కూడా. ఎంతో ఇష్టపడి రాసుకున్న వర్ణన ఎక్కడో ఒకచోట బతికే ఉందన్న నమ్మకం ఉంటే కోత సులువవుతుంది.

రోజువారీ లెక్క, దాన్ని వాడే తీరు

ప్రాజెక్ట్ టార్గెట్స్ అనే చిన్న కిటికీ ఈ సాఫ్ట్‌వేర్‌లో అందరికన్నా ఎక్కువ మేలు చేసేది, తప్పుగా పెట్టుకుంటే ఎక్కువ కీడు చేసేది కూడా. మొత్తం నవల ఎన్ని మాటలో, గడువు ఎప్పుడో, వారంలో ఏ రోజులు రాస్తారో చెబితే రోజుకెన్ని రాయాలో తనే లెక్కగడుతుంది.

తెలుగుకి అంకెలు వేరుగా పెట్టుకోవాలి. ఇంగ్లిషు సలహాల్లో కనిపించే 80,000 మాటలు మనకి అక్కర్లేదు. ఇంగ్లిషులో నాలుగైదు మాటలయ్యేది మనకు 'వచ్చేసరికల్లా' అనే ఒక్క మాటలో సరిపోతుంది. డెమీ సైజు పుస్తకంలో పేజీకి దాదాపు 200 నుంచి 250 తెలుగు మాటలు పడతాయి, కాబట్టి రెండొందల పేజీల నవలంటే నలభై, యాభై వేల మాటలు. తానా, ఆటా లాంటి సంస్థలు నవలల పోటీ ప్రకటించాయనీ, చేతిలో ఆరు నెలలున్నాయనీ, ఇంకా 40,000 మాటలు రాయాలనీ అనుకోండి. వారానికి ఐదు రోజుల చొప్పున 26 వారాలకు 130 రోజులు. రోజుకి 308 మాటలు. ఇది ఉద్యోగం చేసుకుంటూ రాయగలిగే అంకె.

ఈ లెక్కలో అసలు విలువ వారం పోయినప్పుడు తెలుస్తుంది. జ్వరమో, ఇంట్లో పెళ్లో వచ్చి మొదటి వారం ఒక్క ముక్కా రాయలేదనుకుందాం. మనసులో మాత్రం 'అంతా చెడిపోయింది, ఇక అవదు' అనిపిస్తుంది. కిటికీ తెరిస్తే రోజువారీ లక్ష్యం 308 నుంచి 320కి మారి ఉంటుంది. పెరిగింది పన్నెండు మాటలు. మానేయడానికి అది కారణం కాదని కళ్లముందే కనబడుతుంది.

కీడు చేసేది ఎక్కడంటే, అదే కిటికీ ఆప్షన్లలో 'అలౌ నెగెటివ్స్' అని ఒక గడి ఉంటుంది. దాంట్లో టిక్ ఉంటే, రాసినవాటికన్నా చెరిపిన మాటలు ఎక్కువైన రోజున లెక్క సున్నా కిందికి పోతుంది. రోజంతా కూర్చుని ఒక అధ్యాయాన్ని చక్కగా కుదించిన రోజున లెక్క మైనస్ 600 చూపిస్తుంది. తొలి ప్రతి రాస్తున్నప్పుడూ, దిద్దుతున్నప్పుడూ కూడా ఆ టిక్ తీసేసి ఉంచడమే మంచిది. దిద్దుబాటు దశలో అయితే మాటల లక్ష్యమే పక్కన పెట్టి, ఎన్ని సీన్ల స్టేటస్ 'దిద్దాలి' నుంచి 'అయింది'కి మారిందో చూసుకోండి.

మాటలకు బదులు అక్షరాల లెక్క పెట్టుకోవచ్చని సాఫ్ట్‌వేర్ అంటుంది. తెలుగుకి వద్దు. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలనూ దాచుకునే పద్ధతిలో, 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. మీకు ఒకటి, యంత్రానికి ఆరు.

రైటింగ్ హిస్టరీ అని ఇంకోటుంది. ఏ రోజు ఎంత రాశారో నెలలవారీగా దాచి ఉంచుతుంది. తిరస్కరణ వచ్చిన రోజున దాన్ని తెరవడం మంచి మందు. ఏమీ చేయలేదన్న భావన ఒకవైపు, మార్చి నుంచి రాసిన మాటల పట్టిక ఒకవైపు ఉంటే పట్టికనే నమ్మాలి.

పోటీలో రాలేదు, సంపాదకుడు తిప్పి పంపాడు, అప్పుడేం చేయాలి? వచ్చిన అభిప్రాయాల ఉత్తరాన్ని రీసెర్చ్‌లో పెట్టి, అందులోని ఒక్కో ఆక్షేపణకు ఒక్కో కీవర్డు చేయండి: 'సంభాషణ ఎక్కువ', 'కాలం తేడా', 'ముగింపు తొందర'. ఏ సీన్లకు ఏది వర్తిస్తుందో వాటికి తగిలించండి. ఆ కీవర్డుతో వెతికి, ఆ వెతుకులాటని కలెక్షన్‌గా దాచుకుంటే, 'కాలం తేడా' ఉన్న ఆరు సీన్లూ ఒకేచోట కనబడతాయి. రెండు పేజీల ఉత్తరం చదివినప్పుడు నవలంతా పనికిరాదనిపిస్తుంది. విడగొట్టాక మరమ్మతు అడుగుతున్నవి ఇరవై సీన్లలో ఎనిమిదో తొమ్మిదో అని తేలడం మామూలు. ఏ సీనుకూ తగిలించలేని ఆక్షేపణ ఉంటే, అది ఆ సంపాదకుడి అభిరుచి కావచ్చు. దాన్ని అలా వదిలేయవచ్చు.

ఈ సాఫ్ట్‌వేర్‌తో ఒక ప్రమాదం మాత్రం ఉంది. లేబుళ్ల రంగులు, కార్డుల బొమ్మలు, పాత్రల పట్టికలు, టెంప్లేట్లు అన్నీ చేతికందుబాటులో ఉంటాయి. రాయడానికి భయం వేసినప్పుడు వీటితో రెండు గంటలు గడిచిపోతాయి, పనిచేసినట్టే ఉంటుంది, రైటింగ్ హిస్టరీలో ఆ రోజు సున్నా పడుతుంది. సర్దుబాట్లకు వారానికి ఒక పూట కేటాయించి, మిగతా రోజుల్లో (విండోస్‌లో) ఎఫ్11 నొక్కి కంపోజిషన్ మోడ్‌లో కూర్చోండి. తెర మీద పేజీ తప్ప ఇంకేమీ ఉండదు.

తెలుగు ఇబ్బందులు, వాటికి దారులు

మొదట ఫాంటు. కొత్త ప్రాజెక్టులో అప్రమేయంగా ఇంగ్లిషు ఫాంటు ఉంటుంది. తెలుగు టైపు చేస్తే కంప్యూటరు తనకు తోచిన తెలుగు ఫాంటు తెస్తుంది, లైన్ల ఎడం దానికి సరిపోదు, వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. ఆప్షన్స్‌లో ఎడిటింగ్ కింద ఫార్మాటింగ్‌లోకి వెళ్లి మండలి గానీ నోటో సెరిఫ్ తెలుగు గానీ పెట్టి, సైజు 14, లైన్ ఎడం 1.4 నుంచి 1.5 మధ్య ఉంచండి. అప్పటికే తెచ్చుకున్న సీన్లకు ఇది దానంతటది వర్తించదు. బైండర్‌లో వాటన్నిటినీ ఎంచుకుని, డాక్యుమెంట్స్ మెనూలో కన్వర్ట్ కింద 'టెక్స్ట్ టు డిఫాల్ట్ ఫార్మాటింగ్' నొక్కాలి.

గొంతుతో టైపు చేసేవాళ్లు గూగుల్ డాక్స్‌లో చెప్పి ఇక్కడికి తెచ్చుకుంటారు. మామూలుగా పేస్ట్ చేస్తే అక్కడి ఫాంటూ రంగూ కూడా వెంట వస్తాయి. 'పేస్ట్ అండ్ మ్యాచ్ స్టైల్' వాడండి.

వెతుకులాటలో ఒక చిక్కు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడడానికి కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. నవలలో 'రాబర్ట్‌గారు' అనే పాత్ర ఉండి, పేరు మార్చాలనుకుంటే, రీప్లేస్ సగం చోట్లే పనిచేస్తుంది. పొల్లు దాకా, అంటే 'రాబర్ట్' వరకే ఇచ్చి వెతకండి. 'గారు' అతుక్కుపోయి వత్తుగా మారినచోట్ల కూడా దొరుకుతుంది. తెలుగు స్పెల్‌చెక్ మీద ఆశ పెట్టుకోకండి. విభక్తులు, సంధులు కలిసిన మాటలను అది తప్పులుగా చూపించి మొత్తం పేజీని ఎర్రగీతలు చేస్తుంది. ఆపేసి రాసుకోవడమే మేలు.

ఫైలు పోగొట్టుకునే దారులు

రాయడం ఆపితే రెండు సెకన్లలో తనే సేవ్ చేసుకుంటుంది. మూసినప్పుడు బ్యాకప్ తీస్తుంది. అయినా నవలలు పోతుంటాయి, ఎక్కువగా ఒకే కారణంతో. విండోస్‌లో స్క్రివెనర్ ప్రాజెక్టు అంటే ఒక ఫైలు కాదు, ఒక ఫోల్డరు. రాసినదంతా అందులోని ఉప ఫోల్డర్లలో ఉంటుంది. పైకి కనబడే ప్రాజెక్టు ఫైలు కేవలం జాబితా. ఆ ఒక్కదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని పాత ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టించినవాళ్లకు సీన్ల పేర్లు మిగులుతాయి, సీన్లు మిగలవు. ఎక్కడికి పంపాలన్నా, వాట్సాప్‌లో అయినా సరే, మొత్తం ఫోల్డరుని జిప్ చేసి పంపండి.

రెండో కారణం క్లౌడ్. ఒక కంప్యూటర్లో మూయకుండా ఇంకోదాంట్లో తెరిస్తే ఘర్షణ ఫైళ్లు పుడతాయి. మూసి, సింక్ పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు రెండోది తెరవాలి. గూగుల్ డ్రైవ్‌లో నడుస్తున్న ప్రాజెక్టు పెట్టొద్దని తయారీదారులే హెచ్చరిస్తున్నారు. డ్రాప్‌బాక్స్ ఫర్వాలేదు. వన్‌డ్రైవ్ వాడితే ఆ ఫోల్డరుని 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్'గా మార్చాలి. ఆప్షన్స్‌లో బ్యాకప్‌ల సంఖ్యను 25కి పెంచి, బ్యాకప్‌లు పడే చోటు ప్రాజెక్టు ఉన్న చోటు కాకుండా వేరే డ్రైవ్‌కి మార్చండి.

ఐఫోన్, ఐప్యాడ్‌లకు యాప్ ఉంది, విడిగా కొనాలి, డ్రాప్‌బాక్స్ ద్వారా కలుస్తుంది. ఆండ్రాయిడ్‌కి లేదు. బస్సులో, మెట్రోలో ఫోను మీద రాసేవాళ్లకు ఒక అడ్డదారి: ఫైల్ మెనూలోని 'సింక్ విత్ ఎక్స్‌టర్నల్ ఫోల్డర్'. సీన్లను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా డ్రాప్‌బాక్స్‌లో పెడుతుంది, ఫోన్లో ఏ టెక్స్ట్ ఎడిటరుతోనైనా రాసి, ఇంటికొచ్చాక మళ్లీ కలుపుకోవచ్చు. కలిపే ముందు స్నాప్‌షాట్లు తీయమనే గడిలో టిక్ పెట్టుకోండి.

పుస్తకంగా బయటికి

కంపైల్, అంటే సీన్లన్నిటినీ కలిపి ఒకే ఫైలుగా బయటికి తీయడం, దీనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం, ఇంగ్లిషువాళ్లు కూడా తిట్టుకునే భాగం. సెక్షన్ టైపు, సెక్షన్ లేఅవుట్ అంటూ రెండంచెల అమరిక. తెలుగు నవలకు అందులో మూడే సర్దుబాట్లు కావాలి. ఒకటి, కంపైల్ కిటికీ పైన ఫాంటు దగ్గర తెలుగు ఫాంటు ఎంచుకోవాలి, లేకపోతే ఇంగ్లిషు ఫాంటుతో బయటికొస్తుంది. రెండు, అధ్యాయాల సంఖ్య ఇంగ్లిషు మాటల్లో పడే ఫార్మాట్లుంటాయి, వాటిలో ఆ ట్యాగు తీసి అంకె పడే ట్యాగు పెట్టి, ముందు 'అధ్యాయం' అని టైపు చేయాలి. మూడు, నేరుగా పీడీఎఫ్ తీయకుండా వర్డ్ ఫైలుగా తీసి, అందులో ఒకసారి చూసుకుని పీడీఎఫ్ చేయాలి.

అక్కడి నుంచి డీటీపీ. ఆపరేటరు పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేస్తుంటే యూనికోడ్ పాఠం అక్కడ నిలబడదు. అనూలో తెలుగు ఆకారాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి, కాబట్టి కన్వర్టర్ గుండా పంపాలి. అప్పుడు విరిగేవి దాదాపు ఎప్పుడూ ఇవే: మధ్యలో ఇంగ్లిషు లిపిలో ఉన్న మాటలు పిచ్చి తెలుగు అక్షరాలైపోతాయి, ఇందాక చెప్పిన కంటికి కనబడని గుర్తు ఉన్నచోట ఖాళీయో, తప్పు వత్తో వస్తుంది, కొటేషన్ గుర్తులు మారతాయి, బండి ఱ, అరసున్న, మూడు హల్లుల సంయుక్తాక్షరాలు దెబ్బతింటాయి. మార్చకముందే ఇంగ్లిషు లిపి మాటల జాబితా తీసి, వీలైనవి తెలుగు లిపిలోకి మార్చేస్తే సగం ప్రూఫ్ పని తగ్గుతుంది. ఆపరేటరు ఇన్‌డిజైన్‌లో చేస్తుంటే, వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోమనండి, యూనికోడ్ నేరుగా పడుతుంది, మార్పిడి అక్కర్లేదు. బేరం కుదుర్చుకునే ముందే ఈ సంగతి అడగండి.

ఇంకో జాగ్రత్త. డీటీపీకి వెళ్లాక ప్రూఫుల్లో చేసిన దిద్దుబాట్లు స్క్రివెనర్‌లోకి వాటంతటవి రావు. ఒక్కో ప్రూఫ్ పూర్తయినప్పుడల్లా వాటిని ఇక్కడ కూడా చేత్తో ఎక్కించుకోకపోతే, రెండో ముద్రణకీ ఈ-బుక్‌కీ పాత తప్పులతో మళ్లీ మొదలవుతుంది.

ధర, ప్రత్యామ్నాయాలు

ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. దాదాపు 60 డాలర్లు, అంటే మన డబ్బులో ఐదు వేలకు పైమాటే. మ్యాక్‌కీ విండోస్‌కీ లైసెన్సులు వేరు. విద్యార్థులకు, అధ్యాపకులకు తగ్గింపు ఉంది. తెలుగు పుస్తకం మీద వచ్చే రాబడితో పోలిస్తే ఇది చిన్న మొత్తం కాదు. ఖర్చు పెట్టలేనివాళ్లకు విండోస్‌లో వైరైటర్ ఉచితం, సీన్ల విభజన వరకు బాగా చేస్తుంది. గూగుల్ డాక్స్‌లోనే అధ్యాయానికో ఫైలు పెట్టి, వెర్షన్ హిస్టరీలో పేర్లు పెట్టుకుంటూ పోతే స్నాప్‌షాట్ లాంటి సౌకర్యం దొరుకుతుంది, ఫోన్లోనూ రాసుకోవచ్చు. సీన్ల వరస మార్చడం, కీవర్డులతో వెతకడం, గడువు నుంచి రోజువారీ లెక్క తీయడం మాత్రం ఉండవు.

ట్రయల్ 30 రోజులు, అదీ వాడిన రోజులు మాత్రమే లెక్క. వారానికి రెండు రోజులు తెరిస్తే దాదాపు పదిహేను వారాలు వస్తుంది. ఆ రోజుల్లో కొత్త నవల మొదలుపెట్టి చూడకండి, కొత్తదానికి ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే ఉంటుంది. ఆగిపోయినదాన్నే ఎక్కించండి. మొదటి రెండు రోజులు ముక్కలు చేయడానికి, మూడు నాలుగు రోజులు కార్డులకు, ఆ తర్వాత రాయడానికి. గడువు ముగిశాక కొనకపోయినా రాసినది బందీ కాదు. ప్రాజెక్టు ఫోల్డరులో ఫైల్స్, అందులో డేటా తెరిస్తే ప్రతి సీనూ ఆర్‌టీఎఫ్ ఫైలుగా ఉంటుంది, వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ తెరుచుకుంటుంది. అక్కడ ఫైళ్లకు సీన్ల పేర్లు ఉండవు గనక, ట్రయల్ చివరి రోజున ఒకసారి మొత్తం కంపైల్ చేసి వర్డ్ ఫైలు తీసి పెట్టుకుంటే వెతుక్కునే శ్రమ తప్పుతుంది.